చాటింపుకు ముందు లెక్క

మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం. ఆ రాత్రి పన్నెండు దాటాక తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేస్తారు. తిరుపతిలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ళ కోసం ఒక ముక్క: చాటింపు పడినాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు రాత్రికి పొలిమేర దాటి ఉండకూడదు, పరాయి ఊరివాళ్ళు ఇక్కడ నిద్ర చెయ్యకూడదు. రోజుకు అరవై డెబ్బై వేలమంది పరాయి ఊరివాళ్ళు దిగే చోట ఆ రెండో మాట ఎట్లా చెల్లుతుందో గంగమ్మకే తెలియాలి. అయినా పాత వీధుల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ పట్టింపుగానే ఉంటారు.

యూనివర్సిటీ దగ్గర సందులో నేను ఏళ్ళ తరబడి తింటున్న మెస్సు ఒకటుంది. దాని యజమాని పాకాల పక్క పల్లె నుంచి ఎనభైల్లో ఎమ్మే ఎకనామిక్సు చదవడానికి వచ్చి, ఉద్యోగం దొరక్క, ఊరికి పోవడానికి మొహం చెల్లక, ఇడ్లీ పాత్ర పెట్టినవాడు. ఆ సాయంత్రం ఆయన అక్క మొగుడు చిత్తూరు నుంచి వచ్చి ఉన్నాడు. ఆయన లెక్కల అయ్యవారుగా రిటైరయ్యాడు. 1991, 2001, 2011 మూడు జనగణనల్లోనూ ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని రాసుకున్న చెయ్యి అది. ఈ బావాబామ్మర్దులకు వాదన లేకపోతే అన్నం అరగదు. పక్క బల్ల మీద కూర్చుని విన్నది విన్నట్టు రాస్తున్నాను. కాస్త కత్తిరించాను, ఇద్దరూ చెప్పిందే మళ్ళీ చెప్పే రకం కాబట్టి.

బావ: మెస్సులో పట్టుమని పదిమంది లేరే. పిల్లోళ్ళంతా యాడికి పోయిరి?

మెస్సాయన: పరీక్షలు అయిపోయె, హాస్టళ్ళు ఖాళీ అయిపోయె. జూన్ దాకా ఇంతే బావా.

బావ: అందుకే నేను చెప్పేది, మీది ఊరు గాదబ్బా, సత్రం. కొండకు పోయేటోడు ఒక రాత్రికి వస్తాడు, చదివేటోడు మూడేండ్లకు వస్తాడు. ఇద్దురూ మూట సర్దుకోని పోయేటోళ్ళే. మా చిత్తూర్లో చూడు. బజారుకు పోతే ఎదురొచ్చినోడి తాత పేరు గూడా తెలుస్తాది. జూన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు తిరగబడితే ఊరంతా ఒకటే మాట, తోతాపురి రేటెంత అని. ఊరంటే అట్లుండాల.

మెస్సాయన: తాత పేరు తెలిస్తేనే ఊరోడయితే, తిరుపతిలో మొదట్నించీ ఎవురూ ఊరోళ్ళు గారు. 1130లో రామానుజులు గోవిందరాజస్వామి గుడి నిలబెట్టి చుట్టూ మనుషుల్ని కూర్చోబెడితే గదా ఈ ఊరు పుట్టింది. ఆ గోవిందరాజులు మాత్రం ఈడ పుట్టినాడా? చిదంబరంలో ఆపదొస్తే ఉత్సవమూర్తిని ఎత్తుకొచ్చి ఈడ దాచినారని పెద్దోళ్ళు చెప్తారు. ఊరి దేవుడే కాందిశీకుడు! 1843 నుంచి 1933 దాకా కొండ పెత్తనం చేసిన హథీరాంజీ మఠం మహంతులదీ ఉత్తరాదే. గుడి చుట్టూ పాత వీధుల్లో ఇంట్లో అరవం, వాకిట్లో తెలుగు మాట్లాడేటోళ్ళు నీకు తెల్దా?

బావ: వాళ్ళు వచ్చినారు, ఉండిపోయినారు, పిల్లల్ని కన్నారు, ఈడనే బూడిదయినారు. నేనడిగేది ఉండిపోనోళ్ళ సంగతి. 2011లో మీ కార్పొరేషన్ జనం 2 లక్షల 87 వేల చిల్లర. చుట్టుపక్కల కలిసిపోయిన పల్లెల్తో అయితే నాలుగున్నర లక్షలు దాటె. ఆ లెక్కలో ఒక మాయ ఉండాది, నేను రాసినోణ్ణి గాబట్టి చెప్తా విను. మనుషుల్ని లెక్కబెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ దినాల్లో ఎవుడు యాడ కాపురముంటే ఆడ వాడి పేరు. ఫిబ్రవరి అంటే ఏంది? హాస్టళ్ళు కిటకిటలాడే నెల. అదే ఈ మే నెలలో లెక్క దీస్తే మీ ఊరు రాత్రికి రాత్రి ముసిల్దయిపోతాది. వచ్చే 2027 ఫిబ్రవరిలో గూడా ఇదే తంతు.

మెస్సాయన: హాస్టలును ఎట్లా రాస్తారు బావా? ఒక్కోణ్ణీ ఒక ఇల్లుగానా?

బావ: కాదు. కలిసి ఉండి, ఒకే పొయ్యి మీద వండింది తింటే అది ఒక కుటుంబం. జనగణనలో కుటుంబమంటే రక్తం గాదు, పొయ్యి. ఒకరికొకరు చుట్టాలు గానోళ్ళు అట్లుంటే, హాస్టలు, జైలు, ఆశ్రమం లాంటివి, దాన్ని సంస్థ కింద వేరేగా రాస్తాం.

మెస్సాయన: హాస్టల్నూ జైలునూ ఒకే వరసలో పెట్టినోడెవుడో గానీ హాస్టల్లో ఉండి చదివినోడే. మరి నా పొయ్యి మీద సీజన్లో నూటిరవై మంది తింటారే, నాది ఎంత కుటుంబం?

బావ: నీ పొయ్యి మీద తింటారు, నీ కప్పు కింద పడుకోరు. నీది హోటలు.

మెస్సాయన: మెస్సు!

(ఇది ఆయనకు ప్రాణం మీది మాట. హోటలంటే డబ్బిచ్చి తినేది, మెస్సంటే నెలాఖరుకు డబ్బివ్వకపోయినా తినేది అని నాతో ఎన్నోసార్లు అన్నాడు. ఆయన ఖాతా పుస్తకం చూసినవాణ్ణి నేను, అబద్ధం కాదు.)

బావ: సరే మెస్సే. కొండకొచ్చినోళ్ళ పేరు సొంతూర్లోనే ఉంటాది, సత్రంలో పడుకున్నా ఈడ రాయరు. ఇల్లే లేనోళ్ళను మట్టుకు 28 రాత్రి తిరిగి రాస్తారు. తిరుపతిలో ఆ డ్యూటీ చేసిన అయ్యవారు ఒకాయన చెప్పె, రైల్వే స్టేషన్ కాడ పడుకోనుండేటోడు భక్తుడో, కొంప లేనోడో లేపి అడిగితే గానీ తెల్లేదంట. ఇద్దురికీ గుండే, ఇద్దురికీ ఒకటే దుప్పటి. ఇట్లాటి ఊరికి నువ్వు లక్షణమేందో చెప్పు చూద్దాం.

మెస్సాయన: చెప్తా. మా పెద్దోడు అమెరికాలో మిచిగన్‌లో ఎమ్మెస్ చేసె గదా, ఆన్ ఆర్బర్ అని. 2020 లెక్కల్లో ఆ ఊరి జనం లక్షా ఇరవై మూడు వేల చిల్లర. యూనివర్సిటీలో చదివేటోళ్ళే యాభై వేల దగ్గర. 1837లో ఆ యూనివర్సిటీ వచ్చి కూర్చున్నాక ఊరు దాని చుట్టూ అల్లుకునింది. ఊరి బాడిగలు, టిఫిన్లు, బస్సులు, ఓట్లు, అన్నీ పిల్లోళ్ళ తావనే. వాణ్ణి అడిగితే చెప్తాడు, ఎండాకాలం సెలవులొస్తే వీధులు బోసిపోతాయంట. అయినా దాన్ని ఎవురూ సత్రమనరు బావా. కాలేజీ ఊరంటారు, గర్వంగా.

బావ: అదే తేడా. ఆ ఊర్లో పిల్లోడు పోతే వీధి ఖాళీ. నీ ఊర్లో పిల్లోడు పోతే గమనించేదానికి గూడా ఎవురూ ఉండరు. మే నెలలోనే గదా కొండకు జనం విరగబడేది? వాళ్ళ సెలవులే వీళ్ళ రద్దీ. అలిపిరి కాడ నిలబడి చూడు, యూనివర్సిటీ మూసినారని ఎవునికైనా తెలుస్తాదా?

నాకు ఈ మాట గుచ్చుకుంది. నిజంగా తిరుపతి రెండు ఊపిరితిత్తుల ఊరు. బడీ కాలేజీ మూసినప్పుడు కొండ నిండుతుంది. అవి తెరిచాక, ఆగస్టుకల్లా, హాస్టళ్ళు నిండుతాయి. ఒకటి వదిలిన గాలి ఇంకొకటి పీలుస్తుంది. అందుకే ఊరివాళ్ళకు ఊరి లోపల ఎప్పుడూ గాలి తక్కువే.

మెస్సాయన: గమనించకపోయేది నీలాంటోళ్ళు. నేను మే నెల్లో ఇడ్లీ పిండి మూడో వంతు రుబ్బుతా. నాకు తెలుస్తాది.

బావ: ఇంకో సంగతి. ఈ యూనివర్సిటీ అసలు మీది గాదు. 1937లో శ్రీబాగ్ ఒప్పందంలో ఏం రాసుకున్నారు? ఆంధ్రా యూనివర్సిటీకి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం అని. రాయలసీమకు రాసిచ్చింది అనంతపురం. మీకెట్లా వచ్చె?

మెస్సాయన: వెయ్యెకరాలు ఎవురిచ్చిరి? కొండ మీది ఆయన ఇచ్చె. దేవస్థానం భూమి ఇస్తానంటే, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉండంగా 1954 సెప్టెంబర్ 2న ఎస్వీ యూనివర్సిటీ పుట్టె. రాష్ట్రం వచ్చి ఏడాది గాలేదు, రాజధాని కర్నూల్లో డేరాల్లో ఉండాది. చేతిలో కాసు లేని సర్కారుకు భూమీ డబ్బూ ఉండే తావే గదా కనపడేది? ఒక్కసారి విత్తు పడినాక చెట్టు దానంతటదే పెరిగె. మరుసటేడే పశువుల డాక్టర్ల కాలేజీ, 1960లో మెడికల్, 61లో వ్యవసాయ కాలేజీ, ఆ వెనకే సంస్కృత విద్యాపీఠం. రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడాది, 83లో, పద్మావతి మహిళా యూనివర్సిటీ. 93లో స్విమ్స్ ఆస్పత్రి. 2015లో ఏర్పేడు పక్క ఐఐటీ, ఐసరు. నువ్వు సత్రమంటావు, ఈ సత్రంలో ఇన్ని బళ్ళు ఎట్లా మొలిచినాయంటే హుండీ డబ్బుల మీద! భక్తుడేసిన రూపాయి తిరిగి తిరిగి స్టూడెంటు కంచంలో పడె. ఇద్దుర్నీ వేరుచేసి నువ్వు లెక్కబెట్టలేవు.

బావ: అనంతపురమోళ్ళకు ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి మిగిలె. వాళ్ళు యూనివర్సిటీ చూసేదానికి 1981 దాకా ఆగాల్సొచ్చె. మా సంగతి చూడు. కట్టమంచి రామలింగారెడ్డి యాడోడు? మా చిత్తూరోడు. 1926లో ఆంధ్రా యూనివర్సిటీకి మొట్టమొదటి వైస్ ఛాన్సలరు. ఊరూరికీ చదువులు కావాలని కొట్లాడిన మనిషి సొంతూర్లో యూనివర్సిటీ లేకపోయె. 1911లో జిల్లా మా పేర వచ్చె, 2022లో సగం జిల్లా మీరు కోసుకోని పోతిరి. మాకు మామిడికాయలు, మీకు డిగ్రీలు.

మెస్సాయన: ఇదీ అసలు కడుపునొప్పి!

బావ: కడుపునొప్పే అనుకో. కానీ నేనడిగిందానికి జవాబు చెప్పలేదు. పొయ్యేటోడు ఊరోడెట్లా అవతాడు?

మెస్సాయన: చట్టం చెప్పిందాన్నిబట్టి అవతాడు. నువ్వు లెక్కల అయ్యవారివి గదా, 1973లో ఆరు సూత్రాల పథకం, 74లో రాష్ట్రపతి ఉత్తర్వు. కాలేజీ సీట్లలో వందకు ఎనభై అయిదు లోకల్ పిల్లోళ్ళకు. లోకల్ అంటే ఎవురు? ఎస్వీయూ ఏరియా: చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు. ఆదోనిలో పుట్టినోడు, కన్నడం కలిపి మాట్లాడేటోడు, తిరుపతిలో లోకల్! గూడూరోడు లోకల్! నా మెస్సులో ముప్పై అయిదేండ్లుగా తిన్నోళ్ళు వాళ్ళే. కర్నూలోడికి జొన్నరొట్టె లేకపోతే మొహం వాడిపోతాది. నెల్లూరోడికి పులుసులో పులుపు చాలదు. అనంతపురమోడు మా చెనక్కాయల ఊరిబిండి తిని, ఇది మాదే అంటాడు. రాయలసీమ అని మనం ఇప్పుడు ఒక మాట అంటా ఉండామే, ఆ మాటకు ఒక మనిషి రూపం యాడ వచ్చిందనుకుంటావు? ఎస్వీయూ హాస్టలు గదుల్లో. అప్పటిదాకా కడపోడు కడపోడే, కర్నూలోడు కర్నూలోడే.

బావ: (కాసేపు ఊరుకుని) ఇది మాత్రం నేను ఒప్పుకుంటా. నువ్వు ఎమ్మే చదివినట్టు ఇప్పుడు తెలిసె.

మెస్సాయన: ఇప్పుడు ఐఐటీ, ఐసరు వచ్చినాక మలయాళమోళ్ళు, మరాఠీలు, బీహారోళ్ళు. సంస్కృతం యూనివర్సిటీలో ఒరియా పిల్లోళ్ళు, బెంగాలీలు. వాళ్ళు పాత లోకల్ లెక్కలోకి రారు. ఐఐటీ పిల్లోళ్ళు ఏర్పేడు కాడనే ఉంటారు, వాళ్ళది వాళ్ళకు చిన్న ఊరు, మనకు అంతగా తెల్దు. సంస్కృతం పిల్లోళ్ళు మట్టుకు ఊర్లో తిరుగుతారు. పంచె కట్టుకోని బైకు నడిపేటోణ్ణి చూస్తే వాళ్ళని అర్థం.

బావ: ఇంతమంది వస్తారు, నిలిచేదెంతమంది? చదువు తిరుపతిలో, బతుకు బెంగుళూరులో. మీ ఊరికి ఎప్పుడూ ఇరవై ఏండ్లే, ఆ ఇరవై ఏండ్లోడు మారతా ఉంటాడు. కరకంబాడి కాడ బ్యాటరీల ఫ్యాక్టరీ, ఏర్పేడు పక్క టీవీలు సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలు, తడ కాడ శ్రీసిటీ ఉండాయని చెప్తావు. ఆడ పని చేసేది నీ ఎమ్మే పిల్లోళ్ళా? ఐటీఐ, డిప్లొమా పిల్లోళ్ళు. డాక్టరేటు చేసినోడు బాలాజీ కాలనీలో గ్రూప్ టూ కోచింగుకు పోతా ఉండాడు. మీ ఊరు పిల్లోళ్ళను తయారు చేసి పంపిస్తాది, ఉంచుకోను దానికి తావు లేదు.

మెస్సాయన జవాబు చెప్పలేదు. ఆయన భార్య వంటింట్లోంచి చెప్పింది.

మెస్సామె: అన్నా, ఆయన్నేం అడుగుతావు? మా ఇద్దురు పిల్లోళ్ళూ పోయినోళ్ళే గదా. ఊరోళ్ళ పిల్లోళ్ళు అమెరికాలో, అమెరికాకు పోవాలనుకునే ఊరూరి పిల్లోళ్ళు నా మెస్సులో.

ఆ తర్వాత కాసేపు మాటలు దారి తప్పాయి. ఒకప్పుడు పీజీ అంటే ఎమ్మే అనీ, ఇప్పుడు పీజీ అంటే ఆడపిల్లల హాస్టలు అనీ బావ నవ్వాడు. భవానీ నగర్‌లో, తుమ్మలగుంట దోవలో పాత ఇళ్ళన్నీ గదులు గదులుగా కోసి పీజీలు చేశారు. పద్మావతి యూనివర్సిటీ రాకముందు సాయంత్రం ఆరు దాటితే వీధిలో ఒంటరిగా నడిచే ఆడపిల్ల అరుదని, ఇప్పుడు రాత్రి తొమ్మిదికి ఐస్‌క్రీం బండి దగ్గర వాళ్ళే ఉంటారని మెస్సామె చెప్పింది. ఊరి స్వభావంలో వచ్చిన మార్పు ఏదంటే నేను మొదట దీన్నే చెప్తాను, మగవాళ్ళిద్దరికీ అది తట్టలేదు.

బావ: రాధాకృష్ణన్ గారు గూడా ఈడ చదివినోడే, తెలుసునా? 1896లో లూథరన్ మిషన్ బళ్ళో చేరె. ఆయన ఊరు తిరుత్తణి 1911 నుంచి మా చిత్తూరు జిల్లాలో ఉండె, 1960లో అరవదేశానికి పోయె. ఆయనా నాలుగేండ్లు ఉండి మూట సర్దె. రాష్ట్రపతి అయినాక తిరుపతోడని ఎవురన్నా అన్నారా?

మెస్సాయన: మధురాంతకం నరేంద్ర గారు ఎస్వీయూలో ఇంగ్లీషు చెప్పె, ఈడనే కథలు రాసె, 2022లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చె. వాళ్ళ నాయన రాజారాం గారు దామలచెరువు నుంచే రాసె. త్రిపురనేని మధుసూదనరావు గారు కోస్తా నుంచి వచ్చి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పి ఒక తరం పిల్లోళ్ళ బుర్రలు తిప్పె. చంద్రబాబు నాయుడు రాజకీయం నేర్చింది ఈ హాస్టళ్ళ ఎన్నికల్లోనే. 78లో చంద్రగిరిలో గెలిచె. ఒకే సందులో విప్లవం చెప్పేటోడు, అసెంబ్లీకి పోవాలనుకునేటోడు ఒకే టీ తాగినారు బావా. అదీ ఊరి లక్షణం. అంతెందుకు, 2020 చెప్పు. నువ్వు చిత్తూర్లో ఉంటివి, చూడలేదు.

బావ: కరోనానా?

మెస్సాయన: మార్చి 20న కొండ మీద దర్శనం ఆపిరి. అంతకు ముందే కాలేజీలు మూసిరి. రెండు సత్రాలూ ఒకేసారి ఖాళీ. నేను లీలామహల్ సెంటర్లో నిలబడినా, పట్టపగలు, ఒక్క గుండు లేదు, ఒక్క బ్యాగు లేదు. నాకు అప్పుడు తెలిసె ఊరు అసలు ఎంత ఉండాదో. చిన్నది బావా, శానా చిన్నది. గుడి చుట్టూ నాలుగు వీధులు, కొర్లగుంట, ఇంకొంత. ఆ చిన్న ఊరును చూస్తే నాకు సంతోషం కలగలేదు, భయమేసె. నువ్వు చెప్పే ‘ఊరోళ్ళు మాత్రమే ఉండే ఊరు’ అదే. ఎనభై రెండు దినాలు చూసినా. జూన్ 11న జనానికి దర్శనం మళ్ళీ మొదలుపెట్టిరి. అలిపిరి దోవలో మొదటి బస్సు పోతా ఉంటే ముసిలామె ఒకతి రోడ్డుకు దండం పెట్టె. కొండకు గాదు, బస్సుకు.

బావ: అమెరికాలో ఆ ఏడే గదా జనగణన? ఏప్రిల్ 1న.

మెస్సాయన: అవును. కాలేజీ ఊర్లల్లో పిల్లోళ్ళు సొంతిండ్లకు పోయి ఉండారు. కరోనా రాకపోయుంటే ఏప్రిల్ 1న యాడ ఉండేటోళ్ళో ఆడ్నే రాయమని చెప్పినారంట. లేని మనిషిని ఉన్నట్టు రాసుకున్నారు చూడు, ఎందుకంటే లేకపోతే ఊరికి రావాల్సిన డబ్బు తగ్గుతాది, రోడ్లు తగ్గుతాయి. పోయినోణ్ణి తమవాడే అనేదానికి వాళ్ళకు సిగ్గు లేదు. నీకెందుకు?

బావ: వాళ్ళది డబ్బు కోసం. గంగమ్మ చాటింపు డబ్బు కోసం గాదు. ఆమె అడిగేది ఒకటే, ఈ వారం రాత్రుల్లో నువ్వు యాడ పడుకుంటావు అని. జనగణన గూడా అదే అడుగుతాది. ఆమె లెక్క మా లెక్క కంటే పాతది, కఠినం. జాతర మొదట్లో కట్టే బైరాగి వేషం నుంచి చివర దాకా ఉండేటోడే ఆమె మనిషి. మీ హాస్టలు పిల్లోడు ఈ రోజు చాటింపు వింటాడా? రైల్లో ఉంటాడు.

గడియారం ఎనిమిదిన్నర. చిత్తూరు బస్సులు రాత్రంతా ఉంటాయి గానీ, పన్నెండు లోపల పొలిమేర దాటాలంటే పదికి బస్టాండులో ఉండాలని బావే అన్నాడు, నవ్వుతూనే. అప్పుడు లోపలికి ఒక కుర్రాడు వచ్చాడు. పంచె, నుదుట గంధం బొట్టు, చేతిలో హెల్మెట్టు. సంస్కృత విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఒరియా పిల్లవాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు, కాకపోతే మన చిత్తూరు యాసలోనే నేర్చుకున్నాడు.

కుర్రాడు: అన్నా, ఎల్లుండి మా ఫ్రెండు పెండ్లి, నెల్లూర్లో. రాత్రికి ఆడ ఉండాల. ఇంటి ఓనరమ్మ చాటింపు అయినాక పోగూడదు అంటా ఉండాది. నాకు గూడా అది ఉంటాదా అన్నా?

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. బావ చెయ్యెత్తి బామ్మర్దిని ఆపాడు. జనగణన పుస్తకం తెరిచిన గొంతుతో అడిగాడు.

బావ: ఎన్నేండ్లుగా ఉండావప్పా?

కుర్రాడు: ఆరేండ్లు సార్.

బావ: ఫిబ్రవరిలో యాడుంటావు?

కుర్రాడు: ఈడే సార్.

బావ: సెలవుల్లో?

కుర్రాడు: సెలవుల్లో గూడా ఈడే. ఊరికి పోయి రెండేండ్లయింది.

బావ కాసేపు వాణ్ణి చూశాడు. తర్వాత బామ్మర్దిని చూశాడు. బామ్మర్ది ఏమీ మాట్లాడకుండా సాంబారు బకెట్లో గరిటె తిప్పుతున్నాడు.

బావ: పోవద్దులే నాయనా. పెండ్లికి పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చెయ్.

మెస్సామె సంచిలో ఊరిబిండి డబ్బా పెట్టి, సంచి తెచ్చి బావ పక్కన బల్ల మీద పెట్టింది.

మెస్సామె: తొమ్మిదయింది అన్నా. బయటూరోళ్ళు ఇంక బయల్దేరాల.